మెనూలో కింది లైను

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

బాగున్నామని రాస్తే అబద్ధం, లేమని రాస్తే నువ్వు ఆ కొండ మీద కూర్చుని హడలిపోతావు. అందుకని నేరుగా సంగతికి వస్తాను. కంప్యూటర్ మూగబోయింది.

మొన్న పొద్దున్న వకీలు గారి ఆఫీసు పని ముందేసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. సాక్షి మాట్లాడుతున్నట్టు తెర మీద గీత కదులుతోంది గాని, నా చెవిలో చీమ చిటుక్కుమన్నంత శబ్దం లేదు. హెడ్‌ఫోన్ పోయిందేమోనని రేడియోకి తగిలించి చూశాను. అది బ్రహ్మాండంగా పాడుతోంది. స్పీకర్ బొమ్మ మీద నొక్కితే 'డమ్మీ అవుట్‌పుట్' అని చూపిస్తోంది. ఎన్నికల్లో నిలబెట్టే డమ్మీలని విన్నాను గాని, మిషన్లో కూడా ఉంటారని ఇప్పుడే తెలిసింది.

నా పని నీకు తెలిసిందే. సాక్షులు చెప్పిన మాటలు రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. కోర్టు మాటలు బయటికి పొక్కకూడదని ఇంట్లో ఈ మిషన్‌కి నెట్ పెట్టుకోవద్దన్నారు. పొద్దున్న విని టైపు చేస్తాను, మధ్యాహ్నం ఆఫీసుకి పట్టుకెళ్లి సరిచూసి ఇస్తాను. ఆలస్యమైతే ఇంకొకరికి ఇస్తామని గుమాస్తా అప్పుడే మెత్తగా అన్నాడు. పోతే పోయిందని ఊరుకునేదాన్నే. కానీ నా కూతురు మిరియం పోయినప్పటి నుంచి నన్ను మనిషిలా కూర్చోబెడుతున్నది ఆ పనొక్కటే. ఎవరి ప్రహరీ ఎవరు కూల్చారో, ఎవరి మేక ఎవరి పెరట్లో దూరిందో, ఆ గోల చెవుల్లో ఉన్నంతసేపూ నా తలలో గోల వినపడదు. పగ పట్టినట్టు ఆ మిషన్ గొంతే నొక్కేశాడు దేవుడు.

నువ్వు పెట్టి వెళ్లిన ఏర్పాటులో నేను వేలు పెట్టలేదు. మిరియం కంప్యూటర్లో దాని విండోస్ దాని మానాన ఉంచి, నా కోసం పక్కనే లినక్స్ అనే ఇంకో వ్యవస్థ ఎక్కించావు. బటన్ నొక్కగానే మెనూలో రెండు లైన్లు వస్తాయి, పైది నాది, కిందది దానిది. కిందది ఎవరూ తెరవడానికి వీల్లేదని ఆ రోజు నీ ఎదురుగానే మీ బావకి కూడా చెప్పాను. నేనైతే ఆ లైను వైపు కన్నెత్తి చూడలేదు.

మీ బావ సంగతి అడుగుతావని రాస్తున్నాను. పొద్దున్నే రంగు డబ్బాలు పట్టుకుని వెళతారు, మధ్యాహ్నానికి వస్తారు. షాపులన్నీ ఫ్లెక్సీలు కట్టుకున్నాక బోర్డులు రాసే చెయ్యి గోడలకి రంగులు వేస్తోంది. మాట లేదు, ఏడుపు లేదు. పిల్ల పోయి వారం తిరక్కుండానే దాని గదికి సున్నం కొట్టారు. అది మంచం మీదున్నన్నాళ్లూ పక్క గోడంతా బొగ్గుతో ఏవేవో అక్షరాలు గీసి నవ్వించేవారు కదా, అవన్నీ పోయాయి. ఆయన తుడిచేసుకున్నారు, అంతే. మగవాళ్లకి అంత సులువా? నువ్వూ మగవాడివేగా, చెప్పు.

మూగ మిషన్ పక్కన ఊరికే కూర్చున్న
నీ అక్క

ఫిబ్రవరి 21

అక్కా,

నీ ఉత్తరం సరుకుల జీపులో ఉల్లిపాయల బస్తా ఎక్కి వచ్చింది. చదువుతుంటే కళ్లు మండాయి. సగం ఉల్లిపాయల వల్ల.

ఈ వాతావరణ కేంద్రంలో మేం ఇద్దరమే, నేనూ వంటాయనా. రేడియో ఉంది గాని, గాలి ఎంత వీచింది, వాన ఎంత పడింది అన్నవి తప్ప ఇంకో ముక్క మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది. జీపు ఎప్పుడు వస్తే అప్పుడే మనకి ఊసులు. కాబట్టి నీ మిషన్‌కి ఉత్తరాల్లోనే వైద్యం. నేను చెప్పింది నువ్వు చేసేసరికి ఇక్కడ ఋతువు మారుతుంది, కంగారు పడకు.

సౌండ్ కార్డు అంటే లోపలి లెక్కల్ని శబ్దంగా మార్చే చిన్న చిప్పు. డ్రైవర్ అంటే ఆ చిప్పుకీ లినక్స్‌కీ మధ్య దుబాసీ. దుబాసీ అలిగాడో, చిప్పే పడుకుందో ముందు తేల్చాలి. నల్ల తెర తెరిచి ఆల్సామిక్సర్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టు. కొన్ని స్తంభాలు కనిపిస్తాయి. స్తంభం కింద జంటగా ఎమ్‌లు ఉంటే దాని నోరు మూసినట్టు. అక్కడికి వెళ్లి ఎమ్ నొక్కు, సున్నాలు వస్తాయి, నోరు తెరుచుకుంటుంది. అప్పటికీ పలక్కపోతే అదే తెరలో ఎఫ్ సిక్స్ నొక్కి, ఏయే కార్డుల పేర్లు వస్తాయో చూడు. శబ్దం హెడ్‌ఫోన్‌కి కాకుండా తెర వైపు పోతూ ఉండొచ్చు. అసలు కార్డు పేరే లేకపోతే అది వేరే జబ్బు. ఏ రోజు పలికింది, ఏ రోజు పలకలేదు, అంతకు ముందు ఏం జరిగింది అన్నది కూడా గమనించి రాయి.

నువ్వు పని చేసే చోట మనసు తడబడకూడదని కింది లైను జోలికి వెళ్లవద్దన్నావు, నేనూ సరేనన్నాను. దాని ఫొటోలూ, పాటలూ, చదువు కాగితాలూ అప్పుడే నీ పక్కకి కాపీ చేసి పెట్టాను, గుర్తుందా? మనసు గట్టిపడ్డాక చూసుకుందువు గాని.

బావ గురించి నేనేం చెప్పను? నాకు తొలిసారి నిక్కరు మీద రంగు పూసి తన్నించింది ఆయనే. ఏడవకపోయినంత మాత్రాన మరిచిపోయినట్టు కాదక్కా. ఆయనతో కాస్త మెత్తగా ఉండు. నువ్వు మెత్తగా ఉంటే ఎలా ఉంటుందో చూడాలని చిన్నప్పటి నుంచి నాకూ ఉంది.

వానమాపకం కడిగే ఉద్యోగి,
నీ తమ్ముడు

మార్చి 4

తమ్ముడూ,

నీ నల్ల తెర చూసేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఆల్సామిక్సర్ మూడుసార్లు తప్పు కొట్టాను. ప్రతిసారీ అలాంటిదేమీ లేదని అది మొహం మీదే చెప్పింది, మా గుమాస్తాలాగా. చివరికి స్తంభాలు వచ్చాయి. ఎమ్‌లు ఎక్కడా లేవు. అన్నీ సున్నాలే, అన్నీ నోరు తెరుచుకునే ఉన్నాయి. కార్డు పేరూ ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే సాక్షి గడగడా మాట్లాడుతున్నాడు! నువ్వు ఉత్తరంలోంచే బాగుచేశావని ఆ పూట పొంగిపోయాను.

మర్నాడు మళ్లీ మూగ. ఎఫ్ సిక్స్ నొక్కితే కార్డు పేరే లేదు. ఆ తర్వాత కరెంటు పోయి చాలాసేపటికి వచ్చింది, అప్పుడు పలికింది. ఇంకో రోజు మళ్లీ లేదు. ఇలా దోబూచులాడుతోంది. అంతకు ముందు ఏం జరిగిందని అడిగావు. ఏమీ జరగలేదు. పొద్దున్న పని చేసి మూసేసి ఆఫీసుకి పోతాను, మర్నాడు పొద్దున్న తెరుస్తాను, అంతే.

ఇంకో తెగులు కూడా పట్టింది. మూలనున్న గడియారానికి మతి పోయింది. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాటిపోయినట్టు చూపిస్తుంది. నేను చేత్తో సరిచేస్తాను. శబ్దం పోయిన రోజున అదీ మళ్లీ ముందుకు గెంతి కూర్చుంటుంది. కంప్యూటర్ షాపాయన్ని పిలిస్తే లోపలి బిళ్ల బ్యాటరీ పోయిందని కొత్తది వేశాడు. తేడా లేదు. అయితే సౌండ్ కార్డు మార్చాలన్నాడు. నువ్వు చెప్పేదాకా ముట్టుకోవద్దని పంపేశాను. పోతూ పోతూ అతనో మాటన్నాడు. ఒక మిషన్లో రెండు ఉంటే ఎప్పుడూ తగాదాలేనమ్మా, ఒకటి తీసెయ్యండి, మీకు చోటు కూడా కలిసొస్తుంది అన్నాడు. చోటు నిజంగానే చాలడం లేదు, రికార్డింగులతో నా పక్క కిక్కిరిసిపోయింది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మీ బావని అడిగాను. పెరట్లో కుంచెలు కడుగుతున్నారు. కింది లైను తీసేయించమంటారా అన్నాను. "నీ పనికి అడ్డమైతే నీ ఇష్టం" అన్నారు. తలెత్తి కూడా చూడలేదు. కడిగిన కుంచెనే మళ్లీ కడుగుతున్నారు. పిల్లకి మిగిలిన ఆ కాస్త చోటు గురించి అడిగితే, పాత సామాను గురించి అడిగినట్టు జవాబు. నేను గట్టిగానే మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను.

నువ్వు నిజం చెప్పు. ఆ పక్కనున్నది తీసేస్తే ఇది బాగుపడుతుందా? పడితే ఎలా తీయాలో కూడా ఇందులోనే రాసెయ్, మళ్లీ జీపు కోసం ఎదురుచూపులు నా వల్ల కాదు. తీస్తానని కాదు. తెలిసుండాలని.

మెత్తగా ఉండడం చేతకాని
నీ అక్క

మార్చి 15

అక్కా,

జబ్బు దొరికింది. కార్డు బంగారంలా ఉంది, మార్చొద్దు. డ్రైవర్‌ది కూడా తప్పు లేదు.

కింది లైనులో ఉన్న విండోస్‌ని మూయమంటే అది పూర్తిగా మూసుకోదు. మళ్లీ త్వరగా లేవాలని కునుకు మాత్రం తీస్తుంది. ఆ కునుకులో సౌండ్ కార్డుని వదలకుండా పట్టుకునే ఉంటుంది. తర్వాత పై లైను తెరిస్తే లినక్స్‌కి కార్డు చిక్కదు, పాపం ఒక డమ్మీని నిలబెడుతుంది. కరెంటు పూర్తిగా పోతే పట్టు వదులుతుంది, అందుకే ఆ రోజు పలికింది. గడియారం కథా ఇలాంటిదే, మిషన్లో ఉన్నది ఒకే గడియారం, రెండు పక్కలూ దాన్ని చెరో రకంగా చదువుతాయి.

అంటే కింది లైను తెరిచి మూసిన తర్వాతే శబ్దం పోతుంది. తెరవకపోతే పోదు. అక్కా, ఎప్పుడని, ఎందుకని నేను అడగను. తెరవడం తప్పు కాదు. వద్దని ఒకప్పుడు అన్నంత మాత్రాన ఎప్పటికీ వద్దనే ఉండాలని లేదు. నాకు సంజాయిషీ ఏమీ రాయకు. నీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడు తెరుచుకో.

మందు చిన్నదే. కింది లైనులోకి వెళ్లి, కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్ తెరిస్తే, 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒక టిక్కు ఉంటుంది. అది తీసెయ్. కునుకు మానేసి పూర్తిగా పడుకోవడం నేర్చుకుంటుంది. ఇంక తగాదా ఉండదు, రెండు పక్కలూ ఉంటాయి.

రెండోది కూడా రాయమన్నావు కాబట్టి వెనక కాగితంలో రాశాను. ఆ పక్క మొత్తం తీసేసి, ఆ చోటు నీ రికార్డింగులకి ఇవ్వడం. అదీ పని చేస్తుంది. ఫొటోలూ అవీ నీ పక్కన ఎలాగూ ఉన్నాయి. కానీ ఆ కాగితం నీకు అక్కర రాదనే నా నమ్మకం.

ఇక్కడ పొగమంచు. వంటాయన ఉప్పు డబ్బా ఎక్కడో పెట్టి మరిచిపోయాడు, వెతుకులాట సాగుతోంది.

సంజాయిషీలు అడగని
నీ తమ్ముడు

మార్చి 27

తమ్ముడూ,

నువ్వు చుట్టు తిప్పి రాసినా నాకు అర్థమైంది. నేను దొంగచాటుగా కింది లైను తెరుస్తున్నానని అనుకున్నావు. లేదు నాయనా. అంత ధైర్యమే ఉంటే ఇలా ఎందుకు ఉంటాను? నేను తెరవలేదు. మీ బావ తెరవరు, ఆయనకి మౌస్ పట్టుకోవడం కూడా రాదు. మూడో మనిషి ఈ ఇంట్లో లేరు.

మరి ఎవరు తెరిచారని ఒక రోజంతా ఆలోచించాను. నవ్వకు. వంట చేస్తూ చేస్తూ ఒక్కసారి అనిపించింది, అదే వచ్చి కూర్చుంటోందేమోనని. దాని కుర్చీలో దాని అలవాటు ప్రకారం కాలు మడుచుకుని. పొయ్యి మీద అన్నం మాడిపోయేదాకా నాకు తెలియలేదు. వాసన వచ్చాక భయం వేసింది తమ్ముడూ, దయ్యమని కాదు, నా బుర్ర గురించి. ఇలా అనుకోవడం మొదలుపెడితే ఇక నేను మిగలను. మిషన్ తనంతట తనే ఏదో చేస్తోంది, దాన్ని ఆపాలి అని గట్టిగా అనుకున్నాను.

ముందు నీ చిన్న మందే వేద్దామని కింది లైను నొక్కాను. గుండ్రటి బొమ్మలో మిరియం మొహం వచ్చింది. నాలుక బయట పెట్టి వెక్కిరిస్తున్న ఫొటో. కింద 'స్వాగతం'. దాటి లోపలికి వెళ్లలేకపోయాను. బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆర్పేశాను. అది కూడా మొహం మీద దుప్పటి కప్పినట్టే అనిపించింది, రెండోసారి.

అప్పుడు నీ వెనక కాగితం తీశాను. నువ్వు రాసినట్టే ఒక్కొక్కటీ చేశాను, ఎక్కడా తప్పు పోలేదు. నిజంగా తీసెయ్యాలా అని అడిగింది, అవునన్నాను. మళ్లీ అడిగింది. ఆస్పత్రిలో మనల్ని ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు కదా, ఇది రెండుసార్లు అడిగింది. అవునన్నాను.

ఇప్పుడు మెనూలో ఒకటే లైను. శబ్దం ఖణేల్‌మని వస్తోంది. గడియారం సరిగ్గా నడుస్తోంది. కొత్త చోటులో రికార్డింగులు పోసుకున్నాను, ఇంకా ఎన్ని పట్టేంత ఉందో. బకాయి పడ్డ పనంతా తీర్చేశాను, గుమాస్తా నవ్వు మొహం పెట్టాడు. తేలిగ్గా ఉందని రాస్తే నన్ను రాక్షసి అనుకుంటావేమో. కాస్త తేలిగ్గానే ఉంది. ఊపిరి ఆడుతోంది.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మీ బావ గుమ్మంలో కూర్చుని ఉన్నారు. మిషన్ బాగయిందా అని అడిగారు. ఆయన దాని గురించి అడగడం అదే మొదలు. అయిందండీ, ఆ పక్కది తీసేశాను అన్నాను. మంచిది అన్నారు. అంతే. ఎండల వల్లనో ఏమో, ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు. నేను పెట్టింది కలిపి, అలాగే లేచిపోతున్నారు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రారు.

నీ మందుకి గుణం కనిపించిందని చెప్పడానికే ఇంత రాశాను.

నీ అక్క

మార్చి 29

అక్కా,

ఇది జీపు డ్రైవర్‌ని ఆపి రాస్తున్నాను. వెనక కాగితం చించెయ్. కింది లైను ముట్టుకోవద్దు.

నిన్న ఇక్కడి గడియారం సరిచేస్తుంటే నీ గడియారం మెదిలింది. నేను ఎంత తెలివితక్కువగా ఆలోచించానో అప్పుడు తెలిసింది. మిషన్లో ఉన్నది ఒకే గడియారం, రెండు పక్కలూ చెరో రకంగా చదువుతాయి అన్నాను కదా. నీ ఇంట్లో నెట్ లేదు. కాబట్టి ఏ పక్కా తనంతట తను టైము మార్చుకోలేదు, చేత్తో మార్చాల్సిందే. నువ్వు నీ పక్క సరిచేస్తే కింది లైనులో తప్పు కనిపిస్తుంది. అక్కడ ఎవరో దాన్ని సరిచేస్తున్నారు. దాంతో మళ్లీ నీ పక్కన తప్పుతోంది. నువ్వు సరిచేసిన ప్రతిసారీ అక్కడ ఎవరో తిరిగి సరిచేశారు.

అది నువ్వయితే, నీ చేత్తో అక్కడ మార్చి, ఇక్కడ తప్పిందని నాకు రాయవు. నువ్వు కాదు. నువ్వు ఆఫీసు నుంచి వచ్చే టైము చూసుకోవలసిన అవసరం ఉన్నవాళ్లు. నువ్వు వచ్చేలోపు మూసెయ్యాలి కాబట్టి గడియారం సరిగ్గా ఉండాలి. అక్కా, బావ. మధ్యాహ్నాలు బావ అక్కడ కూర్చుంటున్నారు.

ఏం చేస్తున్నారో నాకు తెలియదు. ఆయనకి మౌస్ పట్టుకోవడం ఎవరు నేర్పారో మాత్రం తెలుస్తూనే ఉంది. అడగకు, కోప్పడకు, ఉంచు చాలు.

ఒకవేళ ఇప్పటికే తీసేసి ఉంటే, ఇది అందగానే ప్లగ్గు పీకెయ్. తీసేసినంత మాత్రాన పోదు, దాని మీద ఇంకోటి రాస్తేనే పోతుంది. కొత్తగా ఒక్క రికార్డింగు కూడా అందులో పోయకు. కానీ నువ్వు తీసి ఉండవు. నువ్వు తీయలేవు, నాకు తెలుసు.

డ్రైవర్ హారన్ కొడుతున్నాడు.

తమ్ముడు

ఏప్రిల్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం గేటు దగ్గరే చించి చదివాను. చదివి, లోపలికి వచ్చి ప్లగ్గు పీకాను. అప్పటికి ఆ కొత్త చోటంతా నిండిపోయింది. సాక్షులు, వాళ్ల ప్రహరీలు, వాళ్ల మేకలు. ఊపిరాడుతోందని రోజూ రెండు పూటలా పని తెచ్చుకుని నేనే నింపాను.

ఆ రోజు ఆఫీసుకి వెళ్లలేదు. మీ బావ వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగారు. మధ్యాహ్నాలు మిషన్ దగ్గర ఏం చేసేవారని అడిగాను. కోపంగా కాదు. నా గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకే తెలియదు. ఆయన రంగు చేతులు కడుక్కుని వచ్చి, దాని కుర్చీలో కాదు, పక్కన స్టూలు మీద కూర్చున్నారు. అప్పుడే నాకు తెలిసింది, ఆయన ఎప్పుడూ ఆ స్టూలు మీదే కూర్చునేవారని.

మిరియం వాళ్ల నాన్న చేతిరాతని ఫాంట్ చేస్తోందట. ఆయన బోర్డుల మీద రాసే అక్షరాలు కంప్యూటర్లో పెడితే, ఎవరు ఏ మిషన్లో టైపు చేసినా ఆయన చేత్తో రాసినట్టే పడతాయట. అప్పుడు ఫ్లెక్సీలన్నీ నీ రాతతోనే వేయిస్తాను నాన్నా, ఊరంతా మళ్లీ నీదే అనేదట. అది మంచం మీదుంటే ఆయన గోడ మీద బొగ్గుతో గీసి చూపించేవారు, అది మిషన్లోకి ఎక్కించేది. తన చెయ్యి లేవనప్పుడు ఆయన చేతికి మౌస్ ఇచ్చి గీయించేది. నేను ఆఫీసు నుంచి వచ్చేలోపు మూసేసేవారు. పూర్తయ్యాక మొట్టమొదట నా పేరు టైపు చేసి చూపించాలని ఇద్దరూ అనుకున్నారట.

ఎన్నో గుణింతాలు, ఎన్నో ఒత్తులు మిగిలిపోయాయి. అది పోయాక, ఎవరూ తెరవకూడదని నేను శాసనం చేశాను. ఆయన నాకు ఎదురు చెప్పలేక, మానలేక, నేను లేనప్పుడు ఒక్కొక్కటీ గీస్తూ వచ్చారు. గోడ మీది అక్షరాలు చూస్తుంటే ప్రాణం పోతున్నట్టు ఉండేదట. లోపల భద్రంగా ఉన్నాయి కదా అని సున్నం కొట్టారట. తుడిచేసుకున్నారని నీకు రాశానే, అదీ సంగతి.

తీసేసిన మర్నాడు ఆయన బటన్ నొక్కితే ఒకటే లైను వచ్చింది. ఆర్పేసి మళ్లీ నొక్కారు. మూడోసారి కూడా అంతే. తర్వాత, పిల్ల నేర్పినట్టే పద్ధతిగా మూసి, గుమ్మంలోకి వచ్చి కూర్చున్నారు. నేను చూసింది అప్పుడే. ముందే, కుంచెలు కడుగుతున్నప్పుడే నాకు చెప్పి ఉండొచ్చు కదా అని అడిగాను. "ఆ పనే లేకపోతే నువ్వు కూడా పోతావేమోనని భయం వేసింది. నీకు శబ్దం వస్తే చాలనుకున్నా" అన్నారు.

పోయినవి తిరిగి తీసే ఆయన ఒకరున్నారని షాపాయన చెబితే, డిస్కు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఆయన మంచి మనిషి, ఆశ పెట్టలేదు, వెంటనే కాదనీ అనలేదు. వారమంతా ప్రయత్నించాడు. ఏవో పాత ఆటల ముక్కలు, దాని కాలేజీ హాల్ టికెట్టు దొరికాయి. అక్షరాల మీద సాక్షుల గొంతులు పడిపోయాయమ్మా అన్నాడు. ఆయన నన్ను తప్పు పట్టలేదు, జరిగింది చెప్పాడంతే.

దారిలో మీ బావ చెయ్యి పట్టుకుని అన్నాను, మళ్లీ మొదలుపెట్టండి, నేను పక్కన కూర్చుంటాను, నేర్చుకుని ఎక్కిస్తాను, తమ్ముణ్ని కూడా అడుగుదాం అని. ఆయన నడుస్తూనే ఉన్నారు. మా వీధి మలుపులో ఆగారు.

"నావి పోతే మళ్లీ గీస్తాను. నా చెయ్యి వణికిన చోటల్లా అదే గీత సరిచేసింది. అది గీసినవి నేనెలా గీయను?" అన్నారు.

నీ ఆ వెనక కాగితం నిన్ను తింటూ ఉంటుందని నాకు తెలుసు. అలా అనుకోకు. నేను అడిగాను, నువ్వు రాశావు. నాకు నొప్పి కలగకూడదని నువ్వు దాచి రాశావు, నాకు పని పోకూడదని ఆయన దాచారు, నేను బతకాలని నేను తీసేశాను. ఎవర్ని తిట్టాలో తెలియక నీ మిషన్నే తిట్టుకుంటున్నాను, అది కూడా రెండుసార్లు అడిగింది పాపం.

నిన్నటి దాకా దాని జోలికి పోలేదు. ఆఫీసు నుంచి కబురు మీద కబురు. ఈ పొద్దున్న మీ బావే ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కి, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దాని కుర్చీలో కూర్చోబెట్టారు. హెడ్‌ఫోన్ తీసి నా చెవులకి ఆయనే పెట్టారు. పని చేసుకో అన్నట్టు భుజం మీద తట్టారు. సరేనని మొదలుపెట్టాను. ఒక ముసలాయన తన బావి గురించి చెబుతున్నాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తోంది. ఆయన చెప్పింది చెప్పినట్టు చాలాసేపు టైపు చేశాను.

మంచినీళ్ల కోసమని వెనక్కి తిరిగితే, మీ బావ అక్కడే, గోడకి ఆనుకుని కింద కూర్చుని ఏడుస్తున్నారు. నోరు తెరిచి, పిల్లవాడిలా, పైకే ఏడుస్తున్నారు. ఎంతసేపటి నుంచో నాకు తెలియదు తమ్ముడూ. హెడ్‌ఫోన్‌లో శబ్దం బాగా వస్తోంది, నాకు వినపడలేదు.

నీ అక్క